గోదావరి బురదలోంచి బెంజీన్ రింగు విరిచే బ్యాక్టీరియాని పట్టి, దాని ఎంజైమ్ కొలవడం ఎలా: మట్టి దగ్గర్నుంచి యూనిట్ల దాకా

ప్రాజెక్టుల సీజన్ రాగానే కాకినాడ, రాజమండ్రి, భీమవరం సైడు ఎమ్మెస్సీ పిల్లల్లో సగంమంది డీజిల్ తినే బ్యాక్టీరియా మీద పడతారండి. మట్టి తెస్తారు, ఫ్లాస్కులో వేస్తారు, నీళ్ళు మబ్బుగా అవుతాయి, "డిగ్రేడ్ చేసేసింది" అని రాసేస్తారు. వైవాలో ఎక్స్‌టర్నల్ సారు "ఏ ఎంజైమ్ అమ్మా, ఆర్థోనా మెటానా" అనగానే (అంటే రింగుని ఎక్కడ కోసే రకమని) గది మొత్తం సైలెంటు. పెరగడం వేరు, రింగు విరగడం వేరు, ఆ రెండోది చూపించాలంటే ఎంజైమ్ దాకా వెళ్ళాల్సిందే. మామూలు డిగ్రీ కాలేజీ ల్యాబులో కూడా అయ్యే పనే ఇది, షేకరు, స్పెక్ట్రోఫోటోమీటరు, చల్లగా తిరిగే సెంట్రిఫ్యూజు ఉంటే చాలు.

ఒక్క మాట ముందే చెప్పేస్తా, మొదట్నుంచి చివరి దాకా గాలి మీద ఓ కన్నేసి ఉంచండి. రింగు విరిచే ఈ ఎంజైములు ఆక్సిజన్‌ని పక్కన నిలబడి చూసే రకం కాదు, దాన్ని తీసుకుని నేరుగా రింగులోకే ఎక్కిస్తాయి. మన డెల్టా మట్టేమో నీళ్ళు నిలిచి గాలాడని మట్టి. పైగా కష్టపడి బయటికి తీసిన ఎంజైముని పాడుచేసేది కూడా ఆ ఆక్సిజనే. చాలా ప్రాజెక్టులు ఫెయిలయ్యేది ఇక్కడే.

ముందు అసలు జరిగేదేంటో

బెంజీన్, టోలీన్, ఫినాల్, నాఫ్తలీన్ (మన ఇళ్ళల్లో బీరువాలో పెట్టే కలరా ఉండలు), వీటన్నిటిలో ఉన్న ఆరు కార్బన్ల రింగు చాలా మొండిది. ఎలక్ట్రాన్లు రింగంతా పంచుకుని ఉంటాయి కాబట్టి మామూలు ఎంజైములకి లొంగదు. బ్యాక్టీరియా దీన్ని రెండు విడతల్లో పడగొడుతుంది. ముందు రింగు మీద పక్కపక్కనే రెండు హైడ్రాక్సిల్ గ్రూపులు పెట్టి కాటకాల్ లాంటి పదార్థంగా మారుస్తుంది, ఆ తర్వాతే రింగుని విరుస్తుంది. డొక్క ఒలవకుండా కొబ్బరికాయ కొట్టలేం కదా, అలాగన్నమాట.

మొదటి విడత చేసేవాటిలో నాఫ్తలీన్ డైఆక్సిజనేజ్ బాగా స్టడీ చేసిన ఎంజైమ్. ఇది ఒక్క ప్రోటీను కాదు, రిడక్టేజ్, ఫెర్రెడాక్సిన్, అసలు ఆక్సిజనేజ్ అని మూడు ముక్కల సెట్టు, ఎన్ఏడీహెచ్ (సెల్‌లో ఎలక్ట్రాన్లు మోసే పదార్థం) నుంచి ఎలక్ట్రాన్లు ఒకదాని చేతిలోంచి ఇంకోదాని చేతిలోకి వెళ్ళాలి. సెల్ పగలగొట్టగానే ఈ సెట్టు పల్చబడిపోయి యాక్టివిటీ పడిపోతుంది, కాబట్టి కొత్తవాళ్ళు దీని జోలికి వెళ్ళకండి.

రెండో విడతవి మనకి పనికొచ్చేవి. కాటకాల్ 1,2-డైఆక్సిజనేజ్ అయితే రెండు హైడ్రాక్సిల్స్ మధ్యలోంచి రింగుని కోస్తుంది, అది ఆర్థో కట్. దీంట్లో ఉండేది ఫెర్రిక్ ఐరన్, వచ్చేది సిస్,సిస్-మ్యూకోనిక్ యాసిడ్, రంగుండదు. కాటకాల్ 2,3-డైఆక్సిజనేజ్ పక్కనుంచి కోస్తుంది, అది మెటా కట్. దీంట్లో ఫెర్రస్ ఐరన్, వచ్చేది పసుపు రంగు పదార్థం, దాని పేరు 2-హైడ్రాక్సీమ్యూకోనిక్ సెమీఆల్డిహైడ్. రెండిటికీ ఎన్ఏడీహెచ్ అక్కర్లేదు, కాటకాలూ గాలీ ఉంటే పని మొదలెట్టేస్తాయి. చవగ్గా అయిపోయే ఎస్సే (ఎంజైమ్ కొలిచే టెస్టు) ఇదే.

ఆక్సిజన్ నిజంగా గాలిలోంచే వస్తోందని తేల్చింది జపాన్ సైంటిస్టు ఒసాము హయైషి, 1955లో. బరువైన ఆక్సిజన్-18 గ్యాస్ ఇచ్చి, మ్యూకోనిక్ యాసిడ్‌లో చేరిన రెండు ఆక్సిజన్ పరమాణువులూ గ్యాస్‌వే గానీ నీళ్ళవి కాదని చూపించాడు. అప్పటిదాకా ఆక్సిడేషన్ అంటే హైడ్రోజన్ తీసెయ్యడమే, ఆక్సిజన్ ఉంటే నీళ్ళలోంచి వస్తుంది అనుకునేవాళ్ళు. వైవాలో ఈ పాయింటు చెప్పండి, మార్కులు పడతాయి.

స్టెప్ 1: మట్టి ఎక్కడ తియ్యాలి

అందరికీ ముందు తట్టేది పాశర్లపూడి. 1995 జనవరి 8న అక్కడ గ్యాస్ బావి బ్లోఅవుట్ అయ్యి 65 రోజులు మండింది, కాబట్టి అక్కడి మట్టిలో అద్భుతమైన బ్యాక్టీరియా ఉంటుందని. కానీ ఆలోచించండి, నేచురల్ గ్యాసంటే ఎక్కువ భాగం మీథేన్, దాన్ని తినే బ్యాక్టీరియా బృందమే వేరు. మనకి కావాల్సింది రింగు ఉన్న కాలుష్యం. దానికి ఊళ్ళో డీజిల్ ఇంజిన్లు బాగుచేసే షెడ్డు వెనకాల నల్లబడిన నేల, రేవులో బోట్లకి ఆయిలు పోసే చోటు, రొయ్యల చెరువు గట్టున జనరేటరు కింద మట్టి, ఇవి చాలా బెటరు.

ఇంకోటుంది, ఎవరూ పట్టించుకోరు. డెల్టాలో కాలుష్యం లేని చోట కూడా రింగులున్న పదార్థాలు బోలెడు. వరిగడ్డి కుళ్ళితే లిగ్నిన్ విడిపోయి ఫెరూలిక్ యాసిడ్, వానిలిక్ యాసిడ్ లాంటివి వస్తాయి, కోనసీమలో కొబ్బరి డొక్కలు నానేసే గుంటల్లో నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉండేది ఫినాల్ జాతి పదార్థాల వల్లే. అక్కడి బ్యాక్టీరియాకి రింగు కొయ్యడం పాత అలవాటు. అందుకని మీ శాంపిళ్ళలో ఒకటి డొక్కల గుంట అంచున తియ్యండి, ఆయిలు మట్టితో పోల్చడానికి భలే ఉంటుంది.

నీళ్ళ మీద ఇంద్రధనస్సు రంగుల తెట్టు కనపడగానే ఆయిల్ అని సంబరపడకండి. మన మురుగు డ్రైన్లలో, బోదెల్లో ఐరన్ బ్యాక్టీరియా కూడా అచ్చం అలాంటి తెట్టే కడుతుంది. పుల్లతో మెల్లగా కదపండి, పెంకుల్లాగా ముక్కలైపోయి అలాగే ఉండిపోతే అది ఐరన్ తెట్టు, పుల్ల తియ్యగానే మళ్ళీ కలిసిపోతే ఆయిలు.

ఎప్పుడు తియ్యాలంటే, వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు. దాళ్వా కోతలైపోయి నేల బీటలు తీసి ఉంటుంది, బీటల్లోంచి గాలి లోపలికి వెళ్తుంది. జులై ఆగస్టుల్లో వరద టైములో అంతా కలిసిపోయి ఏ మట్టి ఎక్కడిదో కూడా తెలీదు. పైన చెత్త తీసేసి, పై 2 నుంచి 5 సెంటీమీటర్లలోనే తియ్యండి. లోపల కుళ్ళిన గుడ్డు వాసనొచ్చే నల్లబురద ఉంటుంది చూశారా, అక్కడ ఆక్సిజన్ ఉండదు. అక్కడా రింగులు విరుగుతాయి గానీ వాటి దారి వేరు, థౌయెరా లాంటి బ్యాక్టీరియా బెంజాయిల్-కోఎ అనే పదార్థం మీదుగా వెళ్తాయి, మన కాటకాల్ టెస్టుకి అది దొరకదు.

కోరింగ మడ అడవి మట్టి కావాలంటే అది అభయారణ్యం, ఫారెస్టు వాళ్ళ పర్మిషన్ ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. సముద్రం పోటు తగిలే మట్టి ఎక్కడిదైనా మీడియాలో 1 నుంచి 2 శాతం ఉప్పు కలపండి, లేకపోతే ఉప్పుకి అలవాటుపడినవి పెరగవు. మోసుకురావడానికి రొయ్యలు పంపే థర్మకోల్ పెట్టెలో కాస్త ఐసు వేసుకుంటే చాలు. సంచి మూతి మరీ బిగించెయ్యకండి, అదే రోజు ఫ్లాస్కులో వేసెయ్యండి.

స్టెప్ 2: ఆకలితో మాడ్చి ఎంచుకోవడం

బుష్నెల్-హాస్ మీడియా వాడదాం, రెడీమేడ్ పౌడరు దొరుకుతుంది. సొంతంగా కలుపుకుంటే లీటరుకి పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 1 గ్రాము, డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 1 గ్రాము, అమ్మోనియం నైట్రేట్ 1 గ్రాము, మెగ్నీషియం సల్ఫేట్ 0.2 గ్రాములు, కాల్షియం క్లోరైడ్ 0.02, ఫెర్రిక్ క్లోరైడ్ 0.05, పీహెచ్ 7. దీంట్లో కార్బన్ లేదు, మనం ఇచ్చే రింగే తిండి. ఐరన్ తగ్గించకండి, మన ఎంజైముల గుండెకాయ అదే.

తిండి ఏం పెట్టాలి? ఫినాల్ అయితే లీటరుకి 100 మిల్లీగ్రాములతో మొదలెట్టి, పెరిగిన కొద్దీ 250, 500 దాకా తీసుకెళ్ళండి. ఒకేసారి ఎక్కువ పోస్తే అన్నీ చస్తాయి, ఫినాల్ ఒకప్పుడు ఆపరేషన్ థియేటర్లలో క్రిములు చంపడానికి వాడిన సరుకే కదా. చర్మం మీద పడితే ముందు నొప్పి కూడా తెలీకుండా కాలుస్తుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. నాఫ్తలీన్ అయితే నీళ్ళలో లీటరుకి 30 మిల్లీగ్రాములకి మించి కరగదు, కాబట్టి పలుకులు అలాగే వేసెయ్యొచ్చు, కరిగింది కరిగినట్టు తింటుంది. షాపులో కొన్న కలరా ఉండలు మాత్రం వాడొద్దు, కొన్నిటిలో నాఫ్తలీన్ బదులు పారాడైక్లోరోబెంజీన్ ఉంటుంది. జీ6పీడీ (ఎర్ర రక్తకణాల్లో ఉండే ఒక ఎంజైమ్) లోపం ఉన్నవాళ్ళు నాఫ్తలీన్ పని పెట్టుకోకండి, వాళ్ళకి ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. ఫినాల్ భయం అనుకునేవాళ్ళకి సోడియం బెంజోయేట్ గానీ సాలిసిలేట్ గానీ హాయి, అవి కూడా చాలా బ్యాక్టీరియాలో కాటకాల్ మీదుగానే వెళ్తాయి.

250 ఎంఎల్ ఫ్లాస్కులో 50 ఎంఎల్ మాత్రమే పొయ్యండి. ఫ్లాస్కు నిండా పోస్తే గాలి అందదు, గాలి అందకపోతే తిండి పక్కనే ఉన్నా తినలేవు. మట్టి 2 లేదా 3 గ్రాములు, 30 డిగ్రీలు, 150 ఆర్పీఎం, ఓ వారం. ఆ తర్వాత 5 శాతం తీసి కొత్త ఫ్లాస్కులోకి, అలా కనీసం మూడు నాలుగు మార్పిళ్ళు. మొదటి ఫ్లాస్కులో వచ్చిన మబ్బుని అసలు నమ్మొద్దు, మట్టితో పాటు వచ్చిన గడ్డిముక్కలు, హ్యూమస్ తిని పెరిగేవే ఎక్కువ. కరెంటు పోయి షేకరు ఆగితే అడుగున ఉన్నవాటికి ఆక్సిజన్ గబగబా అయిపోతుంది, కాబట్టి షేకరుని ఇన్వర్టర్ లైను మీద పెట్టించుకోండి, ఫ్రిజ్ కంటే ముందు.

పక్కన రెండు కంట్రోళ్ళు తప్పనిసరి. మట్టి ఉండి తిండి (ఫినాల్ గానీ నాఫ్తలీన్ గానీ) లేనిది ఒకటి, ఆ తిండి ఉండి మట్టి లేనిది ఒకటి. రెండోది ఎందుకంటే నాఫ్తలీన్, టోలీన్ లాంటివి దూది బిరడాలోంచి ఊరికే ఎగిరిపోతాయి, మీరేమో బ్యాక్టీరియా తినేసిందని గ్రాఫు గీస్తారు. ఫినాల్ ఎంత మిగిలిందో చూడాలంటే 4-అమినోయాంటీపైరీన్ పద్ధతి, పీహెచ్ 10 దగ్గర పొటాషియం ఫెర్రీసయనైడ్‌తో కలిపితే ఎర్ర రంగొస్తుంది, 510 నానోమీటర్ల దగ్గర రీడింగు.

స్టెప్ 3: ప్లేటు మీదకి

చివరి ఫ్లాస్కులోంచి డైల్యూషన్లు కట్టి బుష్నెల్-హాస్ అగర్ మీద పరచండి. నాఫ్తలీన్ అయితే అగర్లో కలపక్కర్లేదు, ప్లేటు తిరగేసి మూతలో నాలుగు పలుకులు వేస్తే ఆవిరి పైకెళ్ళి సరిపోతుంది. కార్బన్ ఏమీ ఇవ్వని ప్లేటు కూడా ఒకటి పెట్టాలి, ఎందుకంటే అగర్‌లో ఉండే మలినాల మీద కూడా చిన్నచిన్న కాలనీలు వస్తాయి. రెండు ప్లేట్ల మీదా ఒకే సైజులో ఉన్న కాలనీ మనది కాదు, వదిలెయ్యండి.

ఆకుపచ్చ రంగు వదులుతూ ద్రాక్షపళ్ళ వాసన వస్తే సూడోమోనాస్ ఏరుగినోసా అయ్యుండొచ్చు, 42 డిగ్రీల దగ్గర కూడా పెరిగితే ఇంకా అనుమానం. అది రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకి, పుండ్లు ఉన్నవాళ్ళకి ఇన్ఫెక్షన్ తెస్తుంది. ఎంత బాగా తిన్నా సరే, సరైన సేఫ్టీ లేని ల్యాబులో దాంతో ప్రాజెక్టు చెయ్యకపోవడమే మంచిది.

స్టెప్ 4: పసుపు చూడ్డం

ఈ పనంతట్లో నాకు నచ్చే భాగం ఇదే. కాటకాల్ తెల్లటి పౌడరుగా ఉండాలి, డబ్బాలోనే గోధుమరంగులోకి తిరిగిపోయి ఉంటే పారెయ్యండి. అప్పటికప్పుడు నీళ్ళలో 100 మిల్లీమోలార్ ద్రావణం కలపండి, అంటే 10 ఎంఎల్‌కి 0.11 గ్రాములు. ఫ్యూమ్ హుడ్‌లో, మాస్కు గ్లవ్స్ వేసుకుని కాలనీల మీద సన్నగా స్ప్రే చెయ్యండి. మెటా కట్ చేసే కాలనీ ఉంటే మీరు చూస్తుండగానే అంచుల్లోంచి పసుపెక్కుతుంది, నిమ్మపండు రంగు, మెల్లగా చుట్టూ అగర్లోకి కూడా పాకుతుంది. సెకన్లలో మొదలవ్వాలి, నిమిషాల్లో స్పష్టంగా కనపడాలి. అరగంట తర్వాత ప్లేటంతా బ్రౌన్ అయితే అది ఎంజైమ్ కాదు, కాటకాల్ గాలికి తనంతట తనే మాడిపోవడం. ప్లేటు మొత్తానికీ వస్తే అబద్ధం, కాలనీకే వస్తే నిజం. అందుకే ఫోటో మొదటి 5 నిమిషాల్లోనే తీసుకోండి, పక్కన ఈ ఎంజైమ్ లేని ఓ ఈ.కోలై గీత కూడా పెట్టుకుని.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, కాలనీని న్యూట్రియంట్ అగర్ మీద పెంచి స్ప్రే చెయ్యడం. మంచి తిండి ఉన్నప్పుడు చాలా బ్యాక్టీరియా ఈ ఎంజైముని తయారే చెయ్యదు. ఫినాల్, బెంజోయేట్ లాంటిదేదో పెట్టి దాన్ని నిద్రలేపాలి. అలాగే వారాల తరబడి న్యూట్రియంట్ అగర్ మీద తిప్పుతూ ఉంటే జీన్లే పోవచ్చు, ఎందుకంటే వీటిలో చాలా జీన్లు ప్లాస్మిడ్ల (క్రోమోజోముకి విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయాల) మీద ఉంటాయి. సూడోమోనాస్ పుటిడాలో టోలీన్ జీన్లుండే టాల్ ప్లాస్మిడ్ దీనికి పెద్ద ఉదాహరణ, దాన్ని బెంజోయేట్ మీద పదే పదే పెంచితే ప్లాస్మిడ్ పోగొట్టుకున్నవే గెలుస్తాయి. కాబట్టి పసుపు కనపడిన రోజే గ్లిసరాల్ స్టాక్ (ఫ్రీజర్లో దాచే కల్చరు) పెట్టెయ్యండి.

పసుపు రాలేదని వదిలెయ్యకండి, ఆర్థో అయ్యుండొచ్చు. దానికి రోథెరా టెస్టు. సెల్స్‌ని 2 ఎంఎల్ ట్రిస్ బఫరులో (పీహెచ్ 8) చిక్కగా కలిపి, 0.5 ఎంఎల్ టోలీన్ వేసి ఊపితే గోడలకి చిల్లులు పడతాయి, అప్పుడు కొంచెం కాటకాల్. కాసేపట్లో పసుపు వస్తే మెటా. రాకపోతే గంట సేపు 30 డిగ్రీల్లో ఊపి, 1 గ్రాము అమ్మోనియం సల్ఫేట్, ఓ చుక్క 1 శాతం సోడియం నైట్రోప్రస్సైడ్, 0.5 ఎంఎల్ అమ్మోనియా కలపండి. చిక్కటి ఊదా రంగొస్తే బీటా-కీటోఅడిపేట్ ఉన్నట్టు, అంటే ఆర్థో దారి. ఊపడం ఇక్కడ కూడా గాలి కోసమే, ట్యూబు కదలకుండా పెడితే ఆర్థో ఉన్నా నెగటివ్ వస్తుంది.

సరదాగా ఇంకోటి చూడొచ్చు. మూతలో నాఫ్తలీన్ బదులు ఇండోల్ పలుకులు వేస్తే, మొదటి విడత ఆక్సిజనేజ్ ఉన్న కాలనీలు నీలంగా మారతాయి, అది నిజమైన ఇండిగోనే, నీలిమందు. నాఫ్తలీన్ డైఆక్సిజనేజ్ జీన్లు ఎక్కించిన ఈ.కోలై ఇండిగో చేస్తుందని 1983లో బయటపడింది.

స్టెప్ 5: ఎంజైమ్ బయటికి తియ్యడం

బుష్నెల్-హాస్‌లో ఫినాల్‌తో పెంచండి, 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (మబ్బు ఎంతుందో చెప్పే రీడింగు) 0.6 నుంచి 0.8 మధ్య ఉండగా ఆపండి, తిండి అయిపోయాక ఆపితే ఎంజైమ్ తగ్గిపోతుంది. సెల్స్ దింపి, 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫరు (పీహెచ్ 7.5) తో రెండుసార్లు కడగండి. మెటా ఎంజైమ్ అయితే ఆ బఫరులో 10 శాతం ఎసిటోన్ కలపాలి. వినడానికి వింతగా ఉంటుంది గానీ కాటకాల్ 2,3-డైఆక్సిజనేజ్‌ని గాలి దెబ్బ నుంచి కాపాడేది అదే, దాని ఫెర్రస్ ఐరన్ ఆక్సిడైజ్ అయిపోతే ఎంజైమ్ చచ్చినట్టే. ఐసులో పెట్టి సోనికేట్ చెయ్యండి (శబ్ద తరంగాలతో సెల్స్ పగలగొట్టడం), 30 సెకన్లు ఆన్ 30 సెకన్లు ఆఫ్, నురగ రానివ్వకండి, నురగంటే గాలి బాగా కలిసిపోతున్నట్టు. ఎసిటోన్ మంటంటుకునే సరుకు, దగ్గర్లో బర్నరు వెలగకూడదు. తర్వాత 4 డిగ్రీల్లో 12,000 ఆర్పీఎం, 20 నిమిషాలు, పైన తేరిన నీరే మీ క్రూడ్ ఎంజైమ్. రేపు చూద్దాంలే అనుకోకండి, అదే రోజు కొలవండి. రాజమండ్రి ఎండల్లో ఏసీ లేని ల్యాబైతే పొద్దున్నే పెట్టుకోండి ఈ పని. యాక్టివిటీ పడిపోయినట్టు అనిపిస్తే కొద్దిగా ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్, ఆస్కార్బిక్ యాసిడ్ కలిపితే కొంత తిరిగి రావచ్చు.

స్టెప్ 6: కొలత, లెక్క

మెటాకి 375 నానోమీటర్లు. క్యూవెట్‌లో మామూలు ఫాస్ఫేట్ బఫరు (ఎసిటోన్ అక్కర్లేదు), 0.3 మిల్లీమోలార్ కాటకాల్, చివర్లో ఎక్స్‌ట్రాక్ట్, వెయ్యగానే టైమరు. మొదటి నిమిషంలోని సరళరేఖ భాగమే తీసుకోండి. కాటకాల్ లేని బ్లాంకు, మరగబెట్టిన ఎక్స్‌ట్రాక్ట్ బ్లాంకు రెండూ ఉండాలి. ఆర్థోకి 260 నానోమీటర్లు, కానీ అక్కడ గాజు క్యూవెట్, మామూలు ప్లాస్టిక్ క్యూవెట్ రెండూ పనికిరావు, క్వార్ట్జ్ కావాలి. పసుపు పదార్థం కూడా 260 దగ్గర కొంత చూపిస్తుంది, కాబట్టి మెటా పాజిటివ్ స్ట్రెయిన్‌కి ఉత్తి 260 రీడింగు చూసి ఆర్థో కూడా ఉందనెయ్యకండి.

లెక్క ఇలా. రీడింగు నిమిషానికి 0.18 పెరిగింది అనుకోండి, క్యూవెట్‌లో మొత్తం 1 ఎంఎల్, ఎక్స్‌ట్రాక్ట్ 20 మైక్రోలీటర్లు. పసుపు పదార్థానికి మోలార్ ఎక్స్‌టింక్షన్ (1 మోలార్ ద్రావణం 1 సెంటీమీటరు దారిలో ఇచ్చే రీడింగు) 33,000 నుంచి 36,000 దాకా వాడతారు, మనం 36,000 తీసుకుందాం (మీరు ఏది వాడారో రిపోర్టులో రాయాలి). 0.18ని 36,000తో భాగిస్తే లీటరుకి 5 మైక్రోమోల్స్, 1 ఎంఎల్‌లో 0.005 మైక్రోమోల్స్. నిమిషానికి 1 మైక్రోమోల్ చేస్తే 1 యూనిట్ కాబట్టి 20 మైక్రోలీటర్లలో 0.005 యూనిట్లు, ఎంఎల్‌కి 0.25 యూనిట్లు. బ్రాడ్‌ఫోర్డ్ పద్ధతిలో, అంటే 595 దగ్గర, ప్రోటీన్ ఎంఎల్‌కి 2 మిల్లీగ్రాములని వచ్చిందనుకోండి, స్పెసిఫిక్ యాక్టివిటీ 0.125 యూనిట్లు ప్రతి మిల్లీగ్రాముకి. ఆర్థోకి ఇదే లెక్క, ఎక్స్‌టింక్షన్ మాత్రం 16,900 చుట్టూ.

ఇదే కొలత గ్లూకోజ్ మీద పెంచిన సెల్స్‌తో కూడా చెయ్యండి. ఫినాల్ మీద 0.125 వచ్చి గ్లూకోజ్ మీద దాదాపు సున్నా వస్తే, ఎంజైమ్ రింగుని చూసి పుట్టిందని చూపించినట్టు. ఈ ఒక్క పోలిక ఉంటే 16ఎస్ (బ్యాక్టీరియా ఏ రకమో గుర్తుపట్టే జీన్) సీక్వెన్సు లేకపోయినా ప్రాజెక్టు నిలబడుతుంది, అది లేకుండా ఎన్ని సీక్వెన్సులు అతికించినా నిలబడదు అని నా అభిప్రాయం. డబ్బులుంటే 16ఎస్ చేయించండి, మెటా జీన్‌కి పీసీఆర్ కూడా పెట్టుకోండి, కానీ ఇవి తర్వాతి పనులు.

చివర్లో ఊడ్చుకోవాల్సినవి

కల్చర్లన్నీ ఆటోక్లేవ్ చేసే పారెయ్యాలి. ఫినాల్ ఎక్కువున్న ఫ్లాస్కులు మాత్రం అందులో పెట్టకండి, ఆవిరి గదంతా నిండుతుంది. అవీ, కాటకాల్ మిగుళ్ళూ సింకులో పొయ్యకుండా విడిగా సీసాలో పట్టి లేబులేసి కెమికల్ వేస్టుకి ఇవ్వాలి. మీరు డీజిల్ తినే బ్యాక్టీరియా పట్టారని ఊళ్ళో తెలిస్తే చెరువులున్న బాబాయి ఎవరో ఒకాయన "ఓ క్యాను ఇయ్యరా, మా చెరువులో పోసుకుంటాను" అంటాడు. ఇవ్వొద్దు. అది ఏరుగినోసా కాదని తేలలేదు, రొయ్యకి ఏం చేస్తుందో తెలీదు, పైగా నిండు చెరువు అడుగు బురదలో ఆక్సిజనే ఉండదు, పోసినా అది చేసేదేం లేదు. ఆయన ఆయిలు పడిన మట్టి గురించి అడిగితే మాత్రం, గట్టు మీదకి లాగి పల్చగా పరిచి, కాస్త యూరియా, సూపర్ ఫాస్ఫేట్ జల్లి తడి ఆరకుండా వారానికోసారి తిరగెయ్యమనండి, వాన నీళ్ళకి మళ్ళీ చెరువులోకి కారకుండా చుట్టూ చిన్న కట్ట వేసుకోమనండి.